చిన్ని తుపాకీ మీద కెమెరా

విజయవాడ,
ఆదివారం రాత్రి

ప్రియమైన మాధవా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. కోపం తెచ్చుకోకు. ఈ మూడు వారాలూ భోజనం కాగానే వెనక వరండాలో ఆకురాయి పట్టుకుని కూర్చున్నాను. కలం పట్టే తీరిక ఇవాళ దొరికింది.

మా చిన్ని దగ్గర స్పాంజి తూటాలు పేల్చే నెర్ఫ్ తుపాకీ ఉంది కదా, సంక్రాంతికి నువ్వూ పేల్చావు. ఒకరోజు వచ్చి, "నాన్నా, తూటా గొట్టంలోంచి బయటికి వచ్చేటప్పుడు ఎలా ఉంటుందో చూడాలి" అంది. తుపాకీ మీదే కెమెరా పెడదాం అన్నాను. ఆ మాట అన్న దగ్గర నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

కెమెరా లోపలే అమర్చిన తుపాకీని నెర్ఫ్ బొమ్మలు చేసే హాస్‌బ్రో వాళ్లు 2014లోనే తెచ్చారు. కానీ చిన్నికి కావలసింది తన తుపాకీయే. దానికి జిగురు అంటించనని, మేకు దించనని ముందే మాట తీసుకుంది. తుపాకీ పైన టార్చిలైటు లాంటివి తగిలించుకోవడానికి ఒక పట్టా ఉంటుంది. ఆ పట్టాలోకి జారే దిమ్మె ఒకటి చెక్కితే చాలనుకుని, వడ్రంగి దగ్గర అరచేయంత టేకు ముక్క అడిగి తెచ్చుకున్నాను. చెక్కడం మొదలుపెట్టాక తెలిసింది, వెంట్రుకవాసి ఎక్కువైతే లోపలికి పోదు, తక్కువైతే గలగలమంటుంది. చివరికి పట్టా అంచులకు సుద్దముక్క రుద్ది దిమ్మెను జారించాను. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ తెల్లటి గీత పడేది, ఆ గీత మేరకే ఆకురాయితో తీసేవాణ్ని. ఆరు రాత్రులు పట్టింది. ఏడో రాత్రి దిమ్మె బొటనవేలితో నెడితే మెత్తగా లోపలికి పోయి ఆగిన చప్పుడు నీకు వినిపించాలని ఉంది మాధవా!

దిమ్మెకు కెమెరాను బిగించే బోల్టు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. కెమెరా అడుగున ఉండే రంధ్రం పావు అంగుళానిది, అంగుళానికి 20 మరలు. కొట్టులో 6 మిల్లీమీటర్ల బోల్టు ఇచ్చి సరిపోతుందన్నారు. చూడటానికి రెండూ ఒకటే. కానీ 6 మిల్లీమీటర్ల దానికి మర మిల్లీమీటరుకొకటి వస్తుంది. వదులుగా ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, బలవంతం చేస్తే కెమెరా మరలే పోతాయి. పావు అంగుళం అని నొక్కి చెప్పి తెచ్చుకో.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. వీడియో తీస్తే దృశ్యమంతా జున్నులా వణికింది. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు విసురుతుంది, అది తుపాకీ లోపలి గోడకు గుద్దుకుంటుంది, ఆ దెబ్బ నేరుగా కెమెరాకు తగులుతుంది. కెమెరా బొమ్మను పైవరస నుంచి కిందివరసకు చదువుతుంది కాబట్టి మధ్యలో కదిలితే గీతలన్నీ వంకర్లు పోతాయి. ఇంకా గట్టిగా బిగించాను, ఇంకా ఎక్కువైంది. అప్పుడు పాత సైకిల్ ట్యూబు కత్తిరించి రెండు పొరలు దిమ్మెకూ కెమెరాకూ మధ్య వేశాను. సగమే తగ్గింది. ఎందుకా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. దెబ్బ బోల్టు గుండా వెళుతోంది! బోల్టు తల కింద కూడా రబ్బరు బిళ్ల వేసి, దిమ్మెలోని రంధ్రాన్ని కాస్త వెడల్పు చేశాక వణుకు దాదాపు పోయింది.

నువ్వు చేస్తే ఫోను మాత్రం పెట్టకు. మోటారు సైకిళ్ల అదురుకు ఐఫోన్ కెమెరాలు దెబ్బతినవచ్చని ఆపిల్ వాళ్లే 2021లో హెచ్చరించారు. నేను బీరువాలో పడి ఉన్న పాత చిన్న కెమెరా వాడాను. అదైనా ముందుకు పెడితే చిన్ని మణికట్టు వాలిపోతోంది, అందుకని సరిగ్గా పిడికి పైన వచ్చేలా వెనక్కి జరిపాను.

ఇవాళ మధ్యాహ్నం మేడ మీద మంచి ఎండలో తీశాం. ఇద్దరం కళ్లద్దాలు పెట్టుకున్నాం, గురి గోడకు ఆనించిన అట్టపెట్టె. తూటా పొడవు ఏడు సెంటీమీటర్లు. సెకనుకు ఇరవై మీటర్లు పోతుందనుకుంటే, సెకనుకు 30 బొమ్మలు తీసే వీడియోలో బొమ్మకూ బొమ్మకూ మధ్య రెండు మూడు అడుగులు దాటిపోతుంది. 240 పెడితే ఎనిమిది సెంటీమీటర్లే. అప్పుడు కనిపించింది! నారింజ రంగు గొట్టం మూతిలోంచి నీలం తూటా రావడం, తోక చేపలా అటూ ఇటూ ఆడటం, ముందున్న రబ్బరు మొన బరువుకు మెల్లగా సర్దుకోవడం. నలిగిన తూటా ఒకటి మాత్రం సర్దుకోకుండా పక్కకు తిరిగిపోయింది. చిన్ని వెంటనే డబ్బాలో ఉన్నవన్నీ కుమ్మరించి, నలిగినవాటిని ఏరి వేరే పెట్టింది. ఎందుకో నేను చెప్పనక్కరలేకపోయింది.

మీ వాడికి కూడా ఒకటి చేసి పంపుతానని చిన్ని మాట ఇచ్చేసింది. వాడి తుపాకీ పట్టా మీద కాగితం పరిచి, పెన్సిలు పక్కకు వాల్చి రుద్దు. అంచులు అచ్చు పడతాయి. ఆ కాగితం మడత పడకుండా పంపు. టేకు ముక్క ఇంకా సగం మిగిలి ఉంది.

నీ
శ్రీనివాస్