పన్ను తీయించుకున్న రోజు ఉమ్మకండి

సంపాదకులకు,

పన్ను తీశాక పేషెంట్‌కు జాగ్రత్తలు చెప్పే తీరు మారాలి. నోట్లో దూది, సగం మొహం మత్తు. అప్పుడు గబగబా చెప్పిన నాలుగు మాటలు ఇల్లు చేరేసరికి గుర్తుండవు. ఆ తర్వాత ఇరుగుపొరుగు చెప్పిందే వైద్యం.

పన్ను ఊడిన గుంటలో రక్తం గడ్డ కడుతుంది. లోపలి ఎముకను, నరాల కొసలను కప్పి ఉంచేది ఆ గడ్డే. మొదటి రోజు జాగ్రత్తలన్నీ అది కదలకుండా చూసుకోవడానికే. దూదిని 45 నిమిషాలు గట్టిగా కొరికి పట్టాలి, మధ్యమధ్యలో తీసి చూడకూడదు. ఊరిన ఉమ్మిని మింగేయాలి. ఎక్కువమంది ఇబ్బంది తెచ్చుకునేది ఇక్కడే. నెత్తురు మింగకూడదని రోజంతా ఉమ్ముతూ కూర్చుంటారు. ఆ ఊపుకు గడ్డ లేచిపోతుంది. స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినా అంతే. బీడీ, సిగరెట్ అయితే గాయం మానడాన్ని కూడా ఆలస్యం చేస్తాయి, కనీసం మూడు రోజులు ముట్టకూడదు. మొదటి రోజు ఉమ్మి లేత ఎరుపుగా ఉంటే కంగారు అక్కర్లేదు, చుక్క నెత్తురు చాలు నోరంతా ఎర్రబడటానికి. ధారగా కారుతుంటే తడిపిన శుభ్రమైన గాజుగుడ్డను మరో అరగంట కొరికి పట్టాలి. అప్పటికీ ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పుక్కిలించడం 24 గంటలు దాటాకే. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, నీళ్లను వాటంతటవే జారనివ్వాలి. తిన్న ప్రతిసారీ ఇలా చేయాలి, వారం పాటు. మిగతా పళ్లను మాత్రం రోజూ తోముకోవాలి.

వాపుకు మొదటి రోజు బట్టలో చుట్టిన ఐస్, పదిహేను నిమిషాలు పెట్టి పదిహేను నిమిషాలు తీస్తూ. ఆ రోజు కాపడం పెడితే వాపు ఇంకా పెరుగుతుంది. రెండు మూడు రోజుల వరకు వాపు పెరిగి తర్వాత దిగడం మామూలే.

పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకంతో పేషెంట్‌ను పచ్చడి మెతుకుల మీద ఉంచుతారు. చీము పప్పు వల్ల రాదు, సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది. మెత్తని పప్పన్నం, పెరుగన్నం, చల్లారిన రాగిజావ నిక్షేపంగా తినొచ్చు. కారం, వేడి వద్దు. మత్తు దిగేదాకా పిల్లలకు ఏమీ తినిపించకండి, తెలియకుండానే పెదవి కొరుక్కుంటారు.

తగ్గుతూ వచ్చిన నొప్పి మూడో రోజు ఒక్కసారిగా పెరిగి చెవిదాకా లాగుతుంటే, నోరు వాసన వేస్తుంటే, గడ్డ పోయి ఎముక బయటపడిందని అర్థం. దీన్నే డ్రై సాకెట్ అంటారు. మందుల షాపులో కొన్న యాంటీబయాటిక్‌తో ఇది తగ్గదు. గుంట కడిగి మందు పెట్టించుకోవాలి. లవంగం, కర్పూరం, పొగాకు, ఆస్పిరిన్ బిళ్ల అందులో కుక్కితే చిగురు కాలుతుంది.

అందుకే ప్రైవేటు క్లినిక్‌లు, ప్రభుత్వ ఆసుపత్రుల దంత విభాగాలు ఈ జాగ్రత్తలను పెద్ద అక్షరాల తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చు వేయించాలి. మత్తు సూది వేయకముందే, వెంట వచ్చిన మనిషి చేతికి ఇచ్చి చదివి వినిపించాలి. రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు దాని మీద ఉండాలి. జ్వరంతోపాటు వాపు మెడకు దిగినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలన్న మాట ఎర్ర సిరాలో ఉండాలి.

— ఒక దంతవైద్యురాలు, గుంటూరు