జబ్బు చేపను కొంటే కాపాడినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సంచికలో ఒక చెన్నై కుర్రాడి మీద కథనం వేశారు. షాపుల్లో చావుబతుకుల్లో ఉన్న సముద్రపు చేపల్ని సగం ధరకు కొని, ఇంటికి తెచ్చి బతికిస్తాడని రాశారు. ఆ అబ్బాయి మనసు మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ అది చదివి మా విల్లివాక్కంలో పక్క బ్లాకు పిల్లలిద్దరు నేరుగా కొళత్తూరు రంగు చేపల మార్కెట్‌కు పోయి, పొట్ట లోపలికి పీక్కుపోయిన మాండరిన్ చేపను కవర్లో కట్టించుకుని తెచ్చి, "ఆంటీ, దీన్ని ఎలా బతికించాలి?" అని నా తలుపు కొట్టారు. అందుకే ఈ ఉత్తరం. జాలిపడి కొన్నా ముచ్చటపడి కొన్నా, షాపు గల్లాపెట్టెలో పడే డబ్బు ఒకటే. నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్పడానికి.

మాండరిన్‌తోనే మొదలుపెడతాను. ఒంటి నిండా నీలం, నారింజ రంగుల్లో ఎవరో ముగ్గులేసినట్టు ఉంటుంది, చూస్తే ఎవరైనా అక్కడే ఆగిపోతారు. దాని నోరేమో చిన్నది. రాళ్ల మీద పాకే కోపెపాడ్లు అనే, కంటికి ఆనీ ఆనని పురుగుల్ని పొద్దస్తమానం ఏరుకుని తింటూ ఉంటుంది. షాపు ట్యాంకులో అవి ఉండవు. డబ్బా మేత వేస్తే చాలా మాండరిన్లు అటు తిరిగి కూడా చూడవు. పొట్ట గుంట పడి వీపు సన్నబడిందంటే చాలా రోజులుగా పస్తులున్నట్టే లెక్క. దాన్ని తెచ్చి నిన్నమొన్న పెట్టిన కొత్త ట్యాంకులో వేస్తే అక్కడా తిండి ఉండదు, ఆకలితో చచ్చే చోటు మారుతుంది, అంతే. ఆ పిల్లల ట్యాంకు పెట్టి నెల కూడా కాలేదు.

"మనం కొనకపోతే అది చచ్చిపోతుంది కదా" అంటారు. అవును, చచ్చిపోతుంది. ఆ మాట దాటేసి మాట్లాడడం నాకిష్టం లేదు. కళ్లముందు ఎగశ్వాస పెడుతున్న చేపను వదిలేసి రావడం కష్టమే. కానీ షాపు వైపు నుంచి కూడా చూడండి. సరుకు వచ్చేటప్పటికే చచ్చిన చేపలకు మామూలుగా సప్లయర్ లెక్క కట్టి ఇస్తాడు. వచ్చిన వారానికో పది రోజులకో మెల్లగా పోయేవాటికి ఇవ్వడు, ఆ నష్టం షాపువాడిదే. ఒక రకం చేప పదే పదే అలా పోతుంటే అతను దాన్ని తెప్పించడం మానేస్తాడు, లేదా బాగా చూసుకునే సప్లయర్ దగ్గరికి మారతాడు. మనం పాపం అనుకుంటూ సగం ధర ఇచ్చామంటే ఆ నష్టాన్ని మనం మోసినట్టే, ఆ ఖాళీలోకి వచ్చే వారం ఇంకో మాండరిన్ దిగుతుంది. నేను షాపువాళ్లని తిట్టడం లేదు, చిన్న వ్యాపారాలు, అద్దెలు, కరెంటు బిల్లులు వాళ్లకీ ఉన్నాయి, కానీ వాళ్లు వినేది లెక్కల్నే.

కొళత్తూరు మార్కెట్‌లో గప్పీలు, మాలీలు, గోల్డ్ ఫిష్‌లు లాంటి మంచినీటి చేపల్ని చూసి పెరిగినవాళ్లకు ఇది వింతగా అనిపించొచ్చు. అవి ఎక్కువగా ఫారాల్లో, తొట్లలో పుట్టి పెరిగినవి. ఉప్పునీటి చేపల సంగతి వేరు, వాటిలో చాలా భాగం ఇప్పటికీ సముద్రంలో పట్టి తెచ్చినవే. బ్లూ ట్యాంగ్ అనే నీలం రంగు సముద్రపు చేపను ట్యాంకులో గుడ్ల నుంచి పెంచి పెద్ద చేయడం అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లకు మొదటిసారి 2016లో సాధ్యమైంది. ఫిలిప్పీన్స్, ఇండొనేషియా వైపు 1960ల నుంచి సయనైడ్ చల్లి చేపలకు మత్తెక్కించి పట్టే పాడు అలవాటు ఒకటుంది, అలా పట్టిన చేప పైకి బాగానే కనిపిస్తుంది, ఆ తర్వాత ఏ కారణమూ తెలియకుండా పోతుంది. కాబట్టి షాపులో ఒక చేప ఖాళీ అయితే దాని బదులు పగడపు దిబ్బల్లో ఇంకోటి వలలో పడాలి. గప్పీల తొట్టిలో లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇక బతికించడం అంత సులువా? మీ కథనంలో "కాస్త ప్రేమ, కాస్త మందు" అని రాశారు. ఆ కాస్త మందు గురించి చెప్తాను. తెల్లచుక్కల జబ్బును హాబీలో అందరూ ఇక్ అంటారు, ఉప్పునీళ్లలో దాన్ని తెచ్చేది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. చేప ఒంటి మీద కనిపించే చుక్కతో కథ అయిపోదు. అది కొన్నాళ్లు చేపను తిని రాలిపడి, ఇసుకలోనో రాళ్ల మీదో గూడు కట్టుకుని, అక్కడ బోలెడు పిల్లలుగా చీలి, మళ్లీ చేపల్ని వెతుక్కుంటూ పైకి వస్తుంది. చుక్కలు పోయాయి, నయమైపోయింది అని మనం పొంగిపోయేది సరిగ్గా అది అడుగున ఉన్నప్పుడే. మెయిన్ ట్యాంకులో చేరిందంటే చేపలన్నిటినీ బయటికి తీసి వేరే ట్యాంకులో మందు వేసి, అసలు ట్యాంకును దాదాపు రెండున్నర నెలలు చేపల్లేకుండా నడపాలి. మందు అంటే ఎక్కువగా కాపర్, అంటే రాగి కలిసిన మందు. అది రొయ్యల్ని, పగడాల్ని చంపేస్తుంది, రాళ్లు దాన్ని పీల్చుకుంటాయి, అందుకే మెయిన్ ట్యాంకులో పొయ్యకూడదు. డోసు తగ్గితే పని చెయ్యదు, పెరిగితే చేపే పోతుంది, రోజూ టెస్ట్ కిట్ పట్టుకుని కూర్చోవాలి. వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బయితే అంత టైమ్ కూడా ఇవ్వదు, కొద్ది రోజుల్లోనే ట్యాంకంతా ఊడ్చేస్తుంది. పైగా మన ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానప్పుడు రోజుల తరబడి కరెంటు రాని ఏరియాలున్నాయి. పంపులు ఆగితే గట్టి చేపలే తట్టుకోలేవు, ఇక జబ్బు చేప ఎంత?

కొన్నిటిని చూస్తే జబ్బని కూడా తెలియదు, అవి ఇంకా ఘోరం. పువ్వులా విచ్చుకుని ఉండే సముద్రపు జీవి సీ ఎనిమోన్ తెల్లగా మెరుస్తుంటే చూసి భలే ఉందని కొంటారు. నిజానికి దాని ఒంట్లో ఉండి తిండి తయారుచేసిపెట్టే నాచు పోవడం వల్ల వచ్చిన తెలుపు అది. గట్టి లైటు, శ్రద్ధ లేకపోతే మెల్లగా కరిగిపోయి, పోతూ పోతూ ట్యాంకు నీళ్లనూ పాడుచేసి పోతుంది. పచ్చగా, గులాబీగా రంగు వేసినవి కూడా అమ్ముతారు. క్లీనర్ రాస్ అనే సన్నటి చేప ఇంకోటి, జబ్బు చేపలకు డాక్టర్ అని చెప్పి అంటగడతారు. సముద్రంలో పెద్ద చేపలు దాని దగ్గరికి వచ్చి వరస కట్టి ఒళ్లు శుభ్రం చేయించుకుంటాయి, వాటి ఒంటి మీది పురుగులే దాని తిండి. నాలుగు చేపలున్న ట్యాంకులో దానికి ఏం దొరుకుతుంది? డాక్టర్ గారు ముందు పస్తులుంటారు.

చట్టం సంగతి మీ కథనంలో ఒక్క ముక్క లేదు. సీహార్స్‌లు, సముద్రపు దోసకాయలనే మెత్తటి జీవులు, దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులితో సమానం. నీరసంగా తేలుతున్న సీహార్స్‌ను జాలిపడి కొన్నా నేరం నేరమే, మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. అలాంటిది కనిపిస్తే బేరమాడకండి, అటవీ శాఖకు చెప్పండి. షెడ్యూల్లో లేని మామూలు చేపకేమో 1960 నాటి జంతు హింస నివారణ చట్టమే దిక్కు. మన కళాక్షేత్ర రుక్మిణీ దేవి రాజ్యసభలో పట్టుబట్టడం వల్ల వచ్చిన చట్టం అది. అందులో సెక్షన్ 11 ప్రకారం ఆకలితోనో ఇరుకులోనో బాధపడుతున్న ప్రాణిని అమ్మకానికి పెట్టడమే నేరం, ప్రాణి అంటే మనిషి కాని ఏ జీవి అయినా. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఇవాళ యాభైకి ఒక ప్లేటు ఇడ్లీ కూడా అనుమానమే. 2017 మే నెలలో అక్వేరియం షాపుల కోసమే కేంద్రం విడిగా రూల్స్ తెచ్చింది, వ్యాపారులు గొడవ చేశాక వెనక్కి తీసుకుంది. 2018లో వచ్చిన పెట్ షాపు రూల్స్‌లో కుక్కలు, పిల్లులు, కుందేళ్లు, పక్షులు ఉన్నాయి గానీ చేపల మాట లేదు. మీ రిపోర్టర్లు రాయాల్సింది దీని మీద.

పుణ్యానికి పోయి ఇంకో పని చేసేవాళ్లూ ఉన్నారు, కొన్న చేపను బీసెంట్ నగర్ తీసుకెళ్లి సముద్రంలో వదిలేస్తారు. అది ఇసుక ఒడ్డు, పెద్ద అలలు. పగడాల సందుల్లో బతికే చేపకు అక్కడ దాక్కోవడానికి చోటు లేదు, తినడానికి తిండి లేదు. ఏ దేశపు జబ్బునో మన నీళ్లలో కలిపినట్టు కూడా అవుతుంది. అట్లాంటిక్ సముద్రంలో ఫ్లోరిడా తీరాన అక్వేరియాల నుంచి బయటపడ్డ లయన్ ఫిష్ అనే విషపు ముళ్ల చేపలతో అక్కడివాళ్లు ఇప్పటికీ వేగలేకపోతున్నారు.

మరి జబ్బు చేపను ఎవరూ ముట్టుకోకూడదా అంటే, అలా అనను. విడిగా క్వారంటైన్ ట్యాంకు ఉండి, కాపర్ కొలిచి వెయ్యడం వచ్చి, నెలల తరబడి ఓపిక ఉన్నవాళ్లు కొద్దిమంది ఉన్నారు. వాళ్లు షాపువాడిని అడగాల్సింది డిస్కౌంట్ కాదు, ఉచితంగా ఇమ్మని. "అణ్ణా, ఎలాగూ పోయేదే, ఊరికే ఇవ్వు, బతికితే నీకే ఫోటో పంపిస్తా" అంటే కొందరు ఇస్తారు కూడా. ఇవ్వనంటే వచ్చెయ్యాలి. మిగతావాళ్లు చేపను తమ ముందు మేత వేయించి, తిన్నాకే కొనాలి. అడ్వాన్స్ ఇచ్చి రెండు వారాలు షాపులోనే ఉంచమనాలి. మొప్పలు గబగబా ఆడుతున్నాయా, పొట్ట నిండుగా ఉందా చూసుకోవాలి. క్లౌన్ ఫిష్ కొంటే హ్యాచరీలో పుట్టినదే కావాలని పట్టుబట్టాలి. మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్లు దాన్ని గుడ్ల నుంచి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు, కాబట్టి దొరకదని సాకు చెప్పడానికి లేదు. ఆ పిల్లలిద్దరికీ నేను చెప్పింది కూడా ఇదే, చేపను తీసుకుని షాపుకు వెళ్లి తిండి పెట్టలేమని తిరిగి ఇచ్చెయ్యండి, డబ్బు ఇవ్వకపోయినా సరే అని. వాళ్ల నాన్నగారికి ఆ సలహా నచ్చలేదనుకోండి.

నిజంగా చేపల్ని కాపాడాలనుంటే దారి ఇంకోటి ఉంది. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్లు ట్రాన్స్‌ఫరై హైదరాబాదో బెంగళూరో పోతూ నడుస్తున్న ట్యాంకుల్ని ఏం చేయాలో తెలియక తల పట్టుకుంటుంటారు. ఆ చేపలు ఆ ఇంట్లో ఏళ్ల తరబడి పెరిగినవి, ఏం తింటాయో వాళ్లకు తెలుసు, వాటిని తెచ్చుకుంటే ఏ షాపువాడూ ఇంకో ఆర్డర్ పెట్టడు. డబ్బు కూడా చాలామంది అడగరు, రాళ్లూ పంపులూ పట్టుకుపోండి బాబూ అంటారు. వెళ్లేటప్పుడు మూతలున్న బకెట్లు, బ్యాటరీ ఎయిర్ పంపు తీసుకెళ్లండి, ఆ ట్యాంకు నీళ్లే వీలైనంత పట్టుకోండి, మధ్యాహ్నం ఎండలో షోళింగనల్లూరు ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా తెల్లవారుజామునే బయల్దేరండి.

ఇట్లు
ఒక పాఠకురాలు, విల్లివాక్కం, చెన్నై