శనివారం ఆసుపత్రి దగ్గర భోజనాలు

ప్రభువు నామంలో సంఘ సభ్యులందరికీ వందనాలు.

ఈ శనివారం ప్రభుత్వాసుపత్రిలో రోగుల వెంట ఉన్న బంధువులకు మధ్యాహ్న భోజనం పెడుతున్నాం. రోగికి ఆసుపత్రి వారే భోజనం ఇస్తారు. పక్కన కూర్చున్న తల్లికో భర్తకో ఎవరు పెడతారు? కూలి మానుకొని వచ్చినవారే ఎక్కువ.

భోజనంతో పాటు కరపత్రాలు కూడా పంచుదామని కొందరు అడిగారు. వద్దని నా మనవి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరను తలచుకోండి. 1876-78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి పని, కూలి ఇప్పించారు. బిచ్చం వేయలేదు, పని చూపించారు. అది నాకెంతో నచ్చుతుంది. బాప్తిస్మం కోసం ఎందరు వచ్చినా, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరవు సాయం సాగినంత కాలం ఆపి ఉంచారు. సాయం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కాబట్టి మన పళ్ళెం పట్టుకున్నవారిని ఏ మతమని అడగవద్దు. తినేవారిని ఫొటోలు తీయవద్దు, దయచేసి. ఎవరైనా తమ బిడ్డ కోసం ప్రార్థించమంటే మాత్రం పక్కకు వెళ్ళి మనసారా ప్రార్థించండి.

అన్నం, పప్పు, గుడ్డు చర్చి వంటశాలలోనే వండుతాం. కూరగాయలు తరగడానికి అక్కలు ఉదయం ఏడింటికి రావాలి. మోయడానికి యువకులు కావాలి. వచ్చేవారు శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేయండి.