నిలబెట్టిన తీరు చూసి జాతి నిర్ణయిస్తామా?

సంపాదకులు గారికి,

డాగ్ షో ఫొటోల్లో నడుం కిందికి జారిపోయిన జర్మన్ షెపర్డ్‌ను చూసి ‘అసలు జాతి’ అని మెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ వాలులో సగం హ్యాండ్లర్ (కుక్కను షోలో నిలబెట్టి నడిపించే మనిషి) పనితనమే. ఒక వెనక కాలు పొట్ట కిందికి, రెండోది బాగా వెనక్కి పెట్టిస్తాడు.

కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ ప్రమాణం ప్రకారం మగ కుక్క ఎత్తు 60–65 సెం.మీ., ఆడది 55–60. ఒంటి పొడవు ఎత్తు కంటే 10 నుంచి 17 శాతం ఎక్కువుండాలి. అంటే 62 సెం.మీ. మగదానికి పొడవు 68–72 సెం.మీ. దగ్గర రావాలి. కొలకర్రను భుజాల మిట్ట మీద ఆనించి కొలవాలి. జూలు మీద పెడితే ఎత్తు ఎక్కువ చూపిస్తుంది. పళ్లు 42, పై పళ్లు కింది పళ్లను కత్తెరలా మూయాలి. మగదానికి వృషణాలు రెండూ దిగి ఉండాలి.

ఇవన్నీ రెండు నిమిషాల పని. అసలు పరీక్ష చిన్న పరుగులాంటి నడకలో (ట్రాట్) ఉంది. పట్టీ వదులు చేయించి, వెనక నుంచి చూడాలి. మడమ కీళ్లు ఒకదానికొకటి రాసుకున్నా, అటూ ఇటూ ఊగినా అది మందను రోజంతా కాయగల కుక్క కాదు. పట్టీ బిగించి లాగుతుంటే ఈ లోపం కప్పబడిపోతుంది, హ్యాండ్లర్లకు ఆ సంగతి బాగా తెలుసు! పక్క నుంచి చూస్తే వీపు గట్టిగా, కదలకుండా ఉండాలి.

తుంటి కీలు లోపం మాత్రం కంటికి చిక్కదు. ఏడాది నిండాక తీసిన ఎక్స్‌రే అడగని షోలో కప్పు గెలిచిన కుక్కతో జత కట్టించేవాళ్లు ఆ ఫిల్మ్ తామే అడిగి చూసుకోవాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్