చిట్టీకి, 2 ఘాతం 67 గురించి

చిట్టీ,

సున్నుండలు పంపాను. డబ్బా మూతకి టేపు గట్టిగా చుట్టాను, కోసేటప్పుడు వేలు జాగ్రత్త. నాన్న షుగరు అదుపులోనే ఉంది. బాబ్జీ మామయ్య వచ్చి, నువ్వు పీహెచ్‌డీ మానేస్తున్నావని ఎవరో అన్నారన్నాడు. నేను పట్టించుకోలేదు. నువ్వు ఫోన్ ఎత్తితే నాన్నకి టెన్షన్ తగ్గుతుంది, అంతే.

పాత నోట్సు సర్దుతుంటే 2 ఘాతం 67 మైనస్ 1 కనిపించింది. 147573952589676412927. నీకు టెన్త్ సెలవుల్లో చెప్పాను. 1644లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు మెర్సెన్ దీన్ని పొరపాటున ప్రధాన సంఖ్యల జాబితాలో వేశాడు. 2 ఘాతం 61 మైనస్ 1నేమో వదిలేశాడు. అది నిజంగానే ప్రధాన సంఖ్య అని 1883లో రష్యన్ గణితజ్ఞుడు పెర్వుషిన్ తేల్చాడు. ఎంత పెద్దవాళ్ళ మాటైనా చేసి చూసుకోవాలమ్మా. మీ గైడ్ ఏమన్నా అన్నారా?

1903 అక్టోబరులో న్యూయార్క్‌లో, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో కోల్ అనే అమెరికన్ గణితజ్ఞుడు లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. పెదవి విప్పలేదంటారు. ఒక పక్క 2ని 67వ ఘాతం దాకా గుణించి 1 తీసేశాడు. ఇంకో పక్క 193707721, దాని కింద 761838257287 వేసి వరసలు వరసలుగా గుణించాడు. రెండు పక్కలా ఒకటే జవాబు. వెళ్ళి కూర్చున్నాడు, హాలంతా చప్పట్లు. మూడేళ్ళ ఆదివారాలు పట్టిందని ఆయనే చెప్పాడట. దీని కారణాంకం ఏదైనా 134తో భాగిస్తే శేషం 1 రావాలి, కాబట్టి చాలా సంఖ్యల్ని ముందే వదిలెయ్యొచ్చు. అయినా చూడు, ఉన్నవి రెండే ప్రధాన కారణాంకాలు, చిన్నదానికే తొమ్మిది అంకెలు. మరి అన్నేళ్ళు దొరక్కపోవడంలో వింతేముంది? నీది రెండేళ్ళుగా తెగడం లేదని నిన్ను నువ్వు తిట్టుకోకు.

నాకు ఫ్రెంచ్ గణితజ్ఞుడు లూకాస్ పనే ఎక్కువ ఇష్టం. ఇది ప్రధాన సంఖ్య కాదని 1876లోనే తేల్చాడు, ఒక్క కారణాంకం కూడా చూపించకుండా. ఇరవై ఏడేళ్ళు ఆ సంఖ్య విడిపోతుందని తెలుసు, ఎలా విడిపోతుందో తెలియదు. నీ విషయంలో నా పరిస్థితీ అదే. సంక్రాంతికి వచ్చినప్పుడు పులిహోర కెలికి వదిలేశావు. ఉన్నన్నాళ్ళూ లాప్‌టాప్ బ్యాగు జిప్పు కూడా తియ్యలేదు. ఏదో ఉందని అప్పుడే తెలుసు. అదేమిటో నువ్వే చెప్పాలి.

మానేస్తానంటే మానెయ్యి. పెద్దత్తకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను. మామయ్య నోటి వెంట మాత్రం విననివ్వకు.

నెత్తికి కాస్త నూనె పెట్టుకో. హాస్టల్లో రాత్రి పెరుగన్నం మానకు. ఫోన్ చెయ్యబుద్ధి కాకపోతే మెసేజ్ అయినా పెట్టు, నాన్న పడుకున్నాక నేనే చేస్తాను. సున్నుండల డబ్బా ఫ్రిజ్‌లో పెట్టకు, గట్టిపడిపోతాయి.

అమ్మ