సంధ్యకు బాపు రాసేది

సిరిసిల్ల
సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు

బిడ్డా సంధ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అవ్వ మోకాలి నొప్పి చలికి కొంచెం ఎక్కువైంది. తమ్ముడు పరీక్షలకు చదువుతున్నానంటున్నాడు. మరమగ్గాల సాంచాలు వారంలో నాలుగు రోజులు నడుస్తున్నాయి, మూడు రోజులు బందు. పండక్కి నువ్వు రాలేదు కాబట్టి నీ వంతు సకినాలు మీ అవ్వ స్టీలు డబ్బాలో పోసి పైన పెట్టింది. దాన్ని ముట్టుకోవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పింది.

ఫోన్ చేస్తే ఎత్తవు. "బాగున్న బాపు, మళ్ళ చేస్త" అని రెండు ముక్కలు పంపి ఊరుకుంటావు. ఇట్లా ఇరవై రెండు రోజులైంది. నువ్వు ఎప్పుడూ తొందరలో ఉంటావు, నాకు ఫోనులో మాట తోచదు. అందుకని కాగితం తీసుకున్నాను. పెద్ద విషయమేమీ లేదు, ఊరికే నాలుగు కబుర్లు రాద్దామని.

అక్కడ ముంబైలో కాలా ఘోడా కళల ఉత్సవం రోజులు దగ్గరపడ్డాయి కదా. 1999 నుంచి చేస్తున్నారు. తొమ్మిది రోజులు ఆ వీధి అంతా జనమే ఉంటారు. నువ్వు తప్పకుండా చూడాలి, కానీ ఆదివారం సాయంత్రం పోకు, తొక్కిసలాటగా ఉంటుంది. బ్యాగు ముందుకు వేసుకో. డేవిడ్ ససూన్ లైబ్రరీ వెనక తోటలో కూర్చుని వినే కార్యక్రమాలు పెడతారు, అవి నిమ్మళంగా ఉంటాయి. ఆ లైబ్రరీ 1870 నాటిది. పై వరండాలో చేతులు పొడుగ్గా ఉండే పడక కుర్చీలు ఉంటాయి. రోజంతా పనిచేసినవాళ్ళు వాటిలో కాళ్ళు చాపుకుని పేపరు చదువుకుంటారు. సభ్యత్వం తీసుకో. ఆఫీసు అయ్యాక అరగంట అక్కడ కూర్చుంటే తలనొప్పి తగ్గుతుంది. ఆఫీసుకు రోజూ పోతున్నావు కదా?

మొన్న వరలక్ష్మి పెద్దమ్మ అల్లుడు ముంబై నుంచి పండక్కి వచ్చాడు. ఏదో మాట అన్నాడు. అది తర్వాత రాస్తాను.

తిండి సంగతి ముందు. నిన్ను దింపడానికి వచ్చినప్పుడు జహంగీర్ ఆర్ట్ గ్యాలరీకి ఎదురుగా చేతనాలో తిన్నాం, గుర్తుందా? 1946 నుంచి ఉన్న హోటల్ అది. థాలీలో వాళ్ళు అడిగి అడిగి వడ్డిస్తారు. అన్నం చివరికి వస్తుంది, రొట్టెలతోనే కడుపు నింపుకోకు అని ఆ రోజు చెప్పినా నువ్వు వినలేదు. రోజూ అక్కడ తినమనను, ఖర్చవుతుంది. నెలకొకసారి జీతం రాగానే పోయి కడుపు నిండా తిను. త్రిష్ణా హోటల్లో వెల్లుల్లి వెన్న వేసి చేసే పీతలు బాగుంటాయని అందరూ అంటారు, అది మీ తమ్ముడికి ఉద్యోగం వచ్చినప్పుడు చూద్దాం. ఫోర్ట్‌లో ఇరానీ హోటళ్ళలో పొద్దున బ్రున్ మస్కా దొరుకుతుంది. పైన గట్టిగా ఉండే ఆ రొట్టెను చాయ్‌లో ముంచి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి కాదు. వడాపావ్ మీదే బతక్కు. చిన్నప్పటి నుంచి నీకు నూనె పడదు.

రాజాబాయి టవర్ కథ నీకు చెప్పానో లేదో. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే వ్యాపారి డబ్బిచ్చి తల్లి పేరున కట్టించాడు, 1878లో పూర్తయింది. ఆ తల్లికి చూపు లేదు, జైనులు కాబట్టి పొద్దు గూకకముందే తినాలి. వేళ తెలియడానికి గంట వినబడేలా కట్టించాడని చెప్తారు. నువ్వు రాత్రి పదింటికి తింటున్నావని మీ అవ్వ బాధ. ఆ గంట నీ చెవిన పడినప్పుడు ఏదైనా తినేయి.

మ్యూజియం మళ్ళీ చూడు. ఆ రోజు కాళ్ళు నొప్పి అని సగంలో వచ్చేశాం. కుర్లా నల్లరాయి, మలాడ్ పసుపురాయి కలిపి కట్టిన గోడలను దగ్గర నుంచి చేత్తో తడిమి చూడు. మనవాళ్ళు ఆ ఊరికి మిల్లుల్లో నేయడానికి పోకముందే రాళ్ళు మోయడానికి, కట్టడానికి పోయారు. కామాటిపురా అనే పేరే ఆ కామాటీల నుంచి వచ్చింది. ఆ వీధుల్లో నిలబడితే ఎవరి ఊళ్ళోనో ఉన్నట్టు నాకు అనిపించదు. వెనక సందులో నీలిరంగు యూదుల ప్రార్థనా మందిరం ఉంది, 1884 నాటిది, లోపల రంగు అద్దాలు చూడు. వాట్సన్ హోటల్ అనే పాత ఇనుప భవనంలో 1896లో మన దేశంలో మొదటిసారి సినిమా వేశారు. దాన్ని మాత్రం అవతలి ఫుట్‌పాత్ మీద నుంచే చూడు. ఒకసారి దాని బాల్కనీ కూలి మనిషి పోయాడు.

ఆ అల్లుడు అన్న మాట ఇది. డిసెంబరులో ఒక బుధవారం మధ్యాహ్నం, జహంగీర్ గ్యాలరీ పక్క ఫుట్‌పాత్ మీద బొమ్మలు వేసేవాళ్ళ వరసలో నువ్వు కూర్చున్నావట. ఎవరిదో ముఖం గీస్తున్నావట. ఆయనను చూసి తల దించుకున్నావట. బుధవారం ఆఫీసు ఉంటుంది కదా బిడ్డా. మీ అవ్వకు ఆ మాట చెప్పలేదు. ఆయన పొరబడ్డాడేమో. మాస్కు కట్టుకున్న పిల్ల అని తనే అన్నాడు.

ఉద్యోగం వదిలితే వదిలినట్టు చెప్పాలి. పీఎఫ్ డబ్బులు తీసేయకు, తొందరపడి తీస్తే నష్టం. మూడు నెలల అద్దె ఎప్పుడూ చేతిలో ఉండాలి. ఎవరి దగ్గరా వడ్డీకి తీసుకోకు, ఫోనులో అప్పులిచ్చేవాళ్ళ జోలికి అసలు పోకు. ఆరోగ్య బీమా ఆఫీసుదే అయితే ఉద్యోగంతోపాటే పోతుంది, అది కనుక్కో. ఇవన్నీ నీకు తెలుసు. రాయకూడదనుకుంటూనే రాశాను.

మీ తాత ముంబై వచ్చిన సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నాకు పదిహేడేళ్ళు. పెద్దబాపు పరేల్‌లో మిల్లులో ఉండేవాడు, నేనూ అదే ఖోలీలో ఉన్నాను. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. ఎండాకాలం దాకా చూసి పెద్దబాపు పిల్లలను తీసుకుని సిరిసిల్ల వచ్చేశాడు. నేను రానన్నాను. కాలా ఘోడా వెనక సందులో ఫ్రేములు కట్టే దుకాణంలో కుదిరాను. ఫ్రేము కట్టిన బొమ్మలను నెత్తిన పెట్టుకుని జహంగీర్ గ్యాలరీకి చేర్చడం నా పని. గ్యాలరీలో సమోవార్ అని పొడుగాటి హోటల్ ఉండేది, కీమా సమోసాల వాసన వచ్చేది. బయట నిలబడి చూడటమే గానీ ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. 2015లో దాన్ని మూసేశారు.

"కాలా ఘోడా దగ్గర పని దొరికింది, రెండు నెలల్లో డబ్బు పంపిస్తా" అని ఇంటికి కార్డు రాశాను. తర్వాత వారానికే మెట్ల దగ్గర కాలు జారి ఒక పెద్ద ఫ్రేము అద్దం పగలగొట్టాను. యజమాని అద్దం డబ్బు నా జీతంలో పట్టుకున్నాడు. పంపడానికి ఏమీ లేదు. డబ్బు లేకుండా ఏమని రాయాలి అని ఉత్తరం మానేశాను. ఒక నెల మానేస్తే రెండో నెల రాయడం ఇంకా కష్టం. దసరా వచ్చింది, పోయింది.

మీ తాత చేను దగ్గర చెప్పులతోనే బయలుదేరాడట. మూటలో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. హిందీ రాదు. దాదర్‌లో దిగి కనబడ్డవాళ్ళనల్లా "కాలా ఘోడా, కాలా ఘోడా" అని అడిగాడు. నల్లగుర్రం మీద రాజు ఉన్న విగ్రహం వల్ల ఆ చోటుకు ఆ పేరు వచ్చింది గానీ, 1965లోనే దాన్ని తీసి బైకుల్లా రాణీబాగ్‌లో పెట్టారు. పేరొక్కటే అక్కడ మిగిలింది. ఎవరో పుణ్యాత్ముడు ఈయన నిజంగా గుర్రాన్నే వెతుకుతున్నాడనుకుని రాణీబాగ్ దారి చూపించాడు. అక్కడ నల్లగుర్రం కనబడింది. ఇంకేం, కొడుకు ఇక్కడే ఎక్కడో పని చేస్తుంటాడు, ఏదో వేళకు ఇటు వస్తాడు అని దాని కింద కూర్చున్నాడు. పొద్దున తోట తెరవగానే వచ్చేవాడు, మూసేదాకా కూర్చునేవాడు. రాత్రి బయట గోడ పక్కన పడుకునేవాడు. ఇట్లా రెండు రోజులు. మూడో రోజు తోటలో పనిచేసే ఒకాయన ఆ గొణుగుడు విని తెలుగులో పలకరించాడు. సంగతి విని తన పని వదిలి బస్సులో తీసుకొచ్చాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు. నలభై ఏళ్ళుగా ఆ బాధ ఉంది.

నేను గ్యాలరీ ముందు నెత్తిన ఫ్రేముతో ఉన్నాను. తాత కనబడగానే కాళ్ళు ఆడలేదు. ఆయన దగ్గరికి వచ్చి "కొడుకా, ఆ కొస నేను పడ్త" అన్నాడు. ఇద్దరం చెరో కొస పట్టుకుని లోపల దింపి వచ్చాం. మ్యూజియం గోడ పక్కన కూర్చుని రొట్టెలు తిన్నాం, అవి గట్టిపడి విరగడం లేదు. ఎందుకు రాయలేదని అడగలేదు. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం "అద్దం ఎంతయ్యిందిరా" అన్నాడు.

నీ బొమ్మలు బాగుంటాయి. చీర అంచులకు నువ్వు వేసిన నెమళ్ళ కాగితాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద కూర్చుంటే తప్పని నేను అనను. కింద మందంగా ఏదైనా పరుచుకో, నడుము పట్టేస్తుంది. గొడుగు పెట్టుకో. నీళ్ళ సీసా దగ్గర ఉంచుకో. ముఖానికి ఎంత తీసుకుంటున్నావు? బేరమాడితే తగ్గించకు.

వచ్చే శనివారం బస్సుకు టికెట్ తీసుకున్నాను. మీ అవ్వకు నూలు పని అని చెప్పాను. ఆదివారం పొద్దున పది గంటలకు గుర్రం దగ్గర ఉంటాను. 2017లో రాజు లేని కొత్త గుర్రాన్ని పెట్టారు కదా, నువ్వు ఫోటో పంపావు, చోటు నాకు తెలుసు. ఆలస్యమైతే పరిగెత్తుకుంటూ రోడ్డు దాటకు, నేను అక్కడే ఉంటాను. సకినాలు, నువ్వుల ముద్దలు, మామిడికాయ తొక్కు తెస్తున్నాను. మీ రూములో మగవాళ్ళు ఉండకూడదంటే వర్లీలో చిన్నన్న దగ్గర పడుకుంటాను. దుప్పటి తెచ్చుకోవాలా వద్దా, అదొక్కటైనా రాయి.

నీ బాపు