‘అన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు) కుదరదు’ అనే గదుల గురించి జర్మనీ గృహవసతి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

జర్మనీకి కొత్తగా వచ్చి అద్దె ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్లకు కాగితాల పనిలో తోడుగా ఉండేవాళ్లం రాస్తున్న లేఖ ఇది. ఇదే విషయం మీద ఇంతకు ముందు ఎక్కడికి అర్జీ పంపినా ‘ఇది మా పరిధి కాదు’ అనే మాటే వచ్చింది. అద్దె చట్టం న్యాయశాఖది, చిరునామా నమోదు హోంశాఖది, వీసా విదేశాంగ శాఖది. కాదనం. కానీ ఈ మూడింటి నడుమ ఇరుక్కున్న మనిషికి కావలసింది ఇల్లు, ఇల్లు మీ శాఖ పని. అందుకే మీకు రాస్తున్నాం. రాబోయేవాళ్లు కూడా చదవాలని తెలుగులో రాస్తున్నాం.

భారతదేశం నుంచి వచ్చే నిపుణులకు ఏడాదికి ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024లో జర్మనీ ప్రకటించింది. రమ్మన్నారు, సంతోషం. వచ్చినవాళ్లు ఏ చిరునామాలో ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ చిరునామాను నమోదు చేసుకోవాలి. అందుకు ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన ధ్రువపత్రం ఉండాలి. 2015 నవంబరు 1 నుంచి ఇది తప్పనిసరి. ఆచరణలో జరిగేది చూడండి. కొత్తవాళ్లకు దొరికే గదుల్లో చాలావాటి ప్రకటనలోనే ‘అన్‌మెల్డుంగ్ కుదరదు’ అని రాసి ఉంటుంది. ఎందుకు కుదరదు? ఎక్కువగా, ఆ గది ఇచ్చేది ఓనరు కాదు, అసలు అద్దెదారు. ఓనరు అనుమతి లేకుండా ఒక గదిని మరొకరికి ఇస్తాడు. చట్టం ప్రకారం ఆ పత్రం మీద అతనే సంతకం చేయొచ్చు. చేస్తే సంగతి ఓనరుకు తెలుస్తుందని, తన ఇల్లు కూడా పోతుందని భయం. ఇంకొన్నిచోట్ల నీళ్ల ఖర్చు, చెత్త ఖర్చు తలల లెక్కన పంచుతారు. నమోదైన తల పెరిగితే బిల్లు పెరుగుతుందని వద్దంటారు. కారణం ఏదైనా అద్దె మాత్రం పూర్తిగా తీసుకుంటారు.

ఆ ఒక్క సంతకం లేకపోతే ఏమేం ఆగిపోతాయో ఓపికగా చదవమని వేడుకుంటున్నాం. నమోదు లేకపోతే పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో రాదు. అది ఇవ్వలేకపోతే కొన్ని నెలలకు జీతం ఆరో పన్ను తరగతిలోకి పోతుంది, అంటే అన్నిటికన్నా ఎక్కువ కోత. చాలా బ్యాంకులు ఖాతా తెరవడానికి నమోదు కాగితమే అడుగుతాయి. విద్యార్థులు వీసా కోసం నెలకు 992 యూరోల లెక్కన ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంత అని మాత్రమే డబ్బు వదిలే ఖాతాలో, పెట్టి వస్తారు. ఆ డబ్బు నెలనెలా చేతికి రావాలంటే మళ్లీ మామూలు ఖాతా కావాలి. తమ సొమ్మే, అయినా అద్దె కట్టడానికి అప్పు చేస్తారు. నివాస అనుమతి ఏ ఊరి విదేశీయుల కార్యాలయం ఇవ్వాలో తేల్చేదీ చిరునామాయే. వీసా గడువు మాత్రం ఆగదు.

దీనికి తోడు పోస్టు డబ్బా. ఇక్కడ ఉత్తరం ఫ్లాటు నంబరు చూసి కాదు, డబ్బా మీద పేరు చూసి వేస్తారు. చాటుగా ఉంటున్నవాళ్ల పేరు డబ్బా మీద అతికించనివ్వరు. బ్యాంకు పిన్, ఆరోగ్య బీమా కార్డు, అపాయింట్‌మెంట్ ఉత్తరం, అన్నీ తిరిగి వెళ్లిపోతాయి. కోల్పోయిన సంగతి కూడా వాళ్లకు వారాల తర్వాత గాని తెలియదు.

చట్టంలో దారి ఉందని మీ అధికారులు అంటారు. ఉంది. పత్రం ఇవ్వని వాళ్లకు 1,000 యూరోల దాకా జరిమానా. ఇవ్వకపోతే అద్దెకున్నవాళ్లే వెంటనే నమోదు కార్యాలయానికి తెలపాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది మంత్రి గారూ. ఫిర్యాదు చేసిన మనిషి ఆ రాత్రి పడుకోవాల్సింది ఆ ఇంట్లోనే. గది ఇచ్చినవాళ్లు అదే ఇంట్లో ఉంటూ, సామాను అమర్చిన గదిని ఇచ్చి ఉంటే, 15వ తేదీలోపు నోటీసిచ్చి నెలాఖరుకు ఖాళీ చేయించొచ్చు. రెండు వారాల్లో ఇంకో గది ఎక్కడ దొరుకుతుంది? ఇంతా చేసి, ఆలస్యంగా నమోదైనందుకు అద్దెకున్నవాళ్లకూ 1,000 యూరోల దాకా పడొచ్చు. తప్పు ఎవరిది, భయపడేది ఎవరు?

దారులన్నీ మూసుకుపోయినవాళ్లు డబ్బిచ్చి చిరునామా కొంటున్నారు. ఉండని మనిషికి తమ ఇంటిని చిరునామాగా ఇచ్చేవాళ్లకు 50,000 యూరోల దాకా జరిమానా అని, కొన్నవాళ్లదీ నేరమేనని మీకు తెలుసు. కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. నివాస అనుమతికే ముప్పు వస్తుంది.

నమోదు కుదిరే గదులున్నాయి కదా అంటారా? అక్కడ పాత ఓనరు దగ్గర అద్దె బాకీ లేదన్న కాగితం అడుగుతారు, షూఫా (అప్పులు, బిల్లులు సరిగ్గా కట్టారో లేదో లెక్క ఉంచే సంస్థ) చరిత్ర అడుగుతారు. నిన్న విమానం దిగినవాళ్లకు ఈ దేశంలో పాత ఓనరు ఎక్కడ, చరిత్ర ఎక్కడ? డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె (హీటింగ్, నీళ్ల లాంటి ఖర్చులు కలపని అద్దె) మించకూడదు, దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కుంది. కానీ తాళంచెవికి ముందే మొత్తం అడుగుతుంటే, వెనక క్యూ కనిపిస్తుంటే, హక్కు గుర్తుచేసే ధైర్యం ఎవరికుంటుంది? ఈ తొందరలోనే ‘నేను విదేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపండి, తాళంచెవి కొరియర్ చేస్తాను’ అనే మోసగాళ్లకు చిక్కుతున్నారు. ఇల్లు లోపలికెళ్లి చూడకుండా ఒక్క యూరో కూడా పంపొద్దని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతూనే ఉన్నాం.

అద్దె నియంత్రణను 2029 చివరి దాకా పొడిగించారు, మంచిదే. తాత్కాలిక వాడకానికి ఇచ్చే ఇళ్లు దాని కిందికి రావు. కొత్తవాళ్లు మొదట దిగేది అలాంటి వాటిలోనే.

మీ సహచర మంత్రులతో కూర్చుని ఒక్కటి సాధించండి. సంతకం దొరకని వాళ్లు అద్దె ఒప్పందం, అద్దె చెల్లించిన రుజువు చూపిస్తే తాత్కాలికంగానైనా నమోదు చేయించండి. పత్రం ఏదని గది ఇచ్చినవాళ్లను నమోదు కార్యాలయమే అడగాలి, అద్దెకున్నవాళ్ల పేరు మీద ఫిర్యాదుగా కాదు. అడిగిన తర్వాత కొన్ని నెలల పాటు ఆ కారణంగా ఖాళీ చేయించకుండా రక్షణ ఉండాలి. నమోదు ఇవ్వమని ప్రకటనలోనే రాసుకునేవాళ్లను పట్టుకోవడానికి ఎవరి ఫిర్యాదూ అక్కర్లేదు, ప్రకటనలు చదివితే చాలు.

ఇవన్నీ చట్టం మారితే గాని కావంటే, ఈలోగా వీసాతో పాటు ఒక కాగితం ఇప్పించండి. అందులో ఆ రెండు వారాల గడువు, సంతకం ఎవరు చేయొచ్చో, డిపాజిట్ వాయిదాల హక్కు, పోస్టు డబ్బా మీద పేరు సంగతి వాళ్ల భాషలో రాయించండి. తెలుగులో రాసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
జర్మనీలో కొత్తవాళ్లకు అద్దె కాగితాల్లో సాయపడే తెలుగువాళ్లం